ఫ్రాన్స్ పల్లెల్లో అడవి దారులు, నదీ లోయలు: కారు లేకుండా నడిచి చూడాలంటే ఏం చేయాలి

ఫ్రాన్స్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు మొదటి ఏడాదిలోనే ఐఫెల్ టవర్, డిస్నీలాండ్, నీస్ బీచ్ చుట్టేసి, ఓసారి ఆల్ప్స్‌లో మంచు కూడా చూసేసి, ఇక దేశం అయిపోయిందనుకుంటారు. మిగిలిపోయింది చాలా ఉంది. ఓక్ అడవులు, తెల్లటి సున్నపురాతి కొండచరియలు, వాటి కింద మెలికలు తిరుగుతూ పోయే చిన్న నదులు, ఒడ్డున నాలుగు రాతి ఇళ్లూ ఒక చర్చీ ఉన్న ఊళ్లు. వీటన్నిటినీ కలుపుతూ దేశమంతా 1,80,000 కిలోమీటర్లకు పైగా రంగు గుర్తులు వేసిన నడక దారులున్నాయి. వాటి మీద నడవడానికి టికెట్ లేదు, పర్మిషన్ అక్కర్లేదు, గైడ్ అక్కర్లేదు.

ఒక మాట ముందే చెప్పేస్తా. ఇక్కడ అడవిలో పులీ ఉండదు, ఏనుగూ ఉండదు, దారి తప్పినా కాసేపటికి ఏదో ఒక రోడ్డు తగులుతుంది. ఇబ్బంది పెట్టేది అడవి కాదు, ఆదివారం. ఆ రోజు మధ్యాహ్నం నుంచి దుకాణం మూసి ఉంటుంది, బస్సు ఉండదు, సోమవారం బేకరీ కూడా తెరవకపోవచ్చు. అందుకే ఈ గైడ్‌లో సగం తిండి, నీళ్లు, పడక, బస్సుల గోలే ఉంటుంది. అవి సర్దుకుంటే నడక దానంతట అదే సాగుతుంది.

ఉదాహరణగా నైరుతి ఫ్రాన్స్‌లోని సెలే నది లోయను తీసుకుంటున్నాను. నాలుగు రోజులు, దాదాపు 70 కిలోమీటర్లు. తులూజ్‌లో విమానాల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లకైతే ఇది పెరటి దారే. పారిస్ నుంచి వచ్చేవాళ్లకి ఒక రోజు ప్రయాణం.

ముందు గుర్తులు చదవడం నేర్చుకోండి

దీనికి పది నిమిషాలు చాలు. చెట్టు మీదో, రాయి మీదో, కరెంటు స్తంభం మీదో రెండు అడ్డ గీతలు కనిపిస్తాయి. పైన తెలుపు, కింద ఎరుపు ఉంటే అది జి.ఆర్. దారి, అంటే రోజుల తరబడి సాగే పొడవాటి దారి, ప్రతిదానికీ ఒక నంబరు ఉంటుంది. పసుపు, ఎరుపు కలిసి ఉంటే ఒక ప్రాంతాన్ని చుట్టి వచ్చే దారి. ఒక్క పసుపు గీతే ఉంటే సాధారణంగా ఒక పూటలోనో ఒక రోజులోనో ముగిసే చిన్న దారి, ఎక్కువగా మొదలెట్టిన చోటికే తిరిగి వస్తుంది.

గీతలు మామూలుగా ఉంటే నేరుగా వెళ్లండి. గీతల కింద వంపు తిరిగిన బాణం ఉంటే అటు తిరగండి. రెండు గీతలు ఇంటూ గుర్తులా వేసి ఉంటే అది మీ దారి కాదు. ఈ ఇంటూ గుర్తు చాలా మంచిది, కూడలి దాటగానే పది అడుగుల్లో కనిపించి వెనక్కి పంపేస్తుంది. అయిదు, పది నిమిషాలు నడిచినా ఏ గుర్తూ కనిపించకపోతే ముందుకెళ్లి వెతక్కండి, ఆఖరి గుర్తు చూసిన చోటికి వెనక్కి రండి. ‘ఇంకొంచెం చూద్దాం’ అని పోయినవాళ్లే గంట పోగొట్టుకుంటారు.

ఈ గుర్తులు వేసేది ఎక్కువగా ఫ్రెంచ్ నడక సమాఖ్య వాలంటీర్లు. డబ్బాలో రంగు, చేతిలో బ్రష్ పట్టుకుని వాళ్ల వాళ్ల ప్రాంతంలో దారులు చూసుకుంటూ ఉంటారు. జి.ఆర్. దారుల పని 1947లో మొదలైంది. అయితే అడవిలో రంగు గుర్తులు వేసి జనాన్ని నడిపించాలనే ఆలోచన అంతకంటే వందేళ్లు పాతది, దానికి ఇప్పుడే వస్తున్నాం.

పారిస్ పక్కనే ఒక రోజు ప్రాక్టీస్

నేరుగా నాలుగు రోజుల నడకకి దిగకండి. షూస్ కరుస్తాయో లేదో, బ్యాగు భుజాన్ని లాగుతుందో లేదో ముందు ఒక రోజు నడిస్తేనే తెలుస్తుంది.

అడవి కావాలంటే ఫోంటేన్‌బ్లో. పారిస్‌లో గార్ ద లియోన్ నుంచి ఆర్ లైన్ రైలెక్కితే సుమారు 40 నిమిషాలు. నెపోలియన్ సైన్యంలో పనిచేసిన క్లోద్ ఫ్రాన్స్వా దెనెకూర్ 1842 నుంచి ఈ అడవిలో రాళ్ల మీద, చెట్ల మీద నీలం గుర్తులు వేసి నడక బాటలు తయారుచేశాడు. ఆ నీలం బాటలు ఇప్పటికీ ఉన్నాయి. ఇసుక నేల, పెద్ద పెద్ద ఇసుకరాతి బండలు, వాటి మధ్య దూరిపోయే దారి. కాళ్ల సత్తా చూసుకోవాలంటే ‘25 బోస్’ అనే చుట్టు దారి ఉంది, పొడవు 16 కిలోమీటర్ల లోపే, కానీ చిన్న చిన్న గుట్టలు ఎక్కడం దిగడంతోనే సరిపోతుంది. మొదటిసారికి నేనైతే వద్దంటాను.

నది కావాలంటే షెవ్రూజ్ లోయ. పారిస్‌లో ఆర్.ఇ.ఆర్. బి అనే శివారు రైలెక్కి ఆఖరి స్టేషన్ సాన్-రెమీ-లే-షెవ్రూజ్‌లో దిగండి. అక్కడి నుంచి షెవ్రూజ్ ఊరు దగ్గరే. ఊళ్లో ఇవెట్ నది కాలువ పక్కన చిన్న చిన్న వంతెనలు, ఒకప్పుడు బట్టలుతికిన రేవులు వరసగా కనిపిస్తాయి, పైన కొండ మీద మాదలేన్ కోట. ఓపిక ఉంటే అడవి గుండా దాంపియేర్ కోట దాకా పోయి వెనక్కి రావచ్చు, మొత్తం 20 కిలోమీటర్ల దగ్గరకి వస్తుంది. పారిస్ ప్రాంతపు రైళ్లకీ బస్సులకీ వాడే నవిగో పాస్ నెలవారీది, అన్ని జోన్లకీ చెల్లేది ఉన్నవాళ్లకి ఈ రెండు చోట్లకీ వేరే టికెట్ అక్కర్లేదు.

ఆ రోజు ఒక లెక్క రాసుకోండి. సమతలం మీద గంటకి ఎంత నడిచారు, ఎక్కేటప్పుడు ఎంత తగ్గారు అని. ఇక్కడి బోర్డుల మీద సమయాలు సాధారణంగా గంటకి 4 కిలోమీటర్ల లెక్కన ఉంటాయి. బరువు బ్యాగుతో, ఫోటోలు తీసుకుంటూ వెళ్లే మనకి మూడే వస్తుంది, అదేమీ తప్పు కాదు. ప్లాన్ మాత్రం మూడుతోనే వేసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు మొదట్లో. జూన్‌లో రాత్రి పదింటి దగ్గర కూడా వెలుగు ఉంటుంది, తొందరే ఉండదు. జూలై, ఆగస్టులో సెలే ప్రాంతంలో 35 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ‘మేం విజయవాడ ఎండ చూశాం’ అంటారేమో, ఆ ఎండలో మనం ఎనిమిది కిలోల బ్యాగు మోస్తూ గుట్టలెక్కలేదుగా. నవంబరు నుంచి జీత్‌లు, అంటే నడిచేవాళ్లు రాత్రి ఉండే బసలు, చాలావరకు మూసేస్తారు, సాయంత్రం అయిదింటికే చీకటి. వసంతంలో భారీ వర్షాలు పడితే నది పొంగి ఒడ్డు దారులు మునుగుతాయి, సున్నపురాయి మీద కాలు పెడితే సబ్బు రాసినట్టు జారుతుంది. అలాంటప్పుడు ఒక రోజు ఆగడమే మంచిది.

సెలే లోయ: రోజువారీగా

దారి పేరు జి.ఆర్. 651. లె పుయి నుంచి స్పెయిన్ వైపు పోయే పాత తీర్థయాత్ర దారి జి.ఆర్. 65కి ఇది ఒక కొమ్మ. అసలు దారిలో యాత్రికులు బారులు తీరి ఉంటారు, ఈ కొమ్మలో తక్కువ. నన్నడిగితే అందం కూడా దీనిదే ఎక్కువ.

మొదలు ఫిజాక్. తులూజ్ నుంచి ప్రాంతీయ రైల్లో రెండున్నర గంటలు అటూ ఇటూ. ముందురోజు సాయంత్రానికి చేరుకోండి. ఈజిప్టు చిత్రలిపిని చదివిన షాంపోలియోన్ 1790లో పుట్టింది ఇక్కడే, ఆయన పుట్టిన ఇంటి పక్కనే ఒక చిన్న చౌకులో, ఆ లిపిని చదవడానికి తోడ్పడిన రోసెట్టా శిల నమూనాని పెద్దదిగా చేసి నేల మీద పరిచారు, దాని మీదుగా నడిచి పోవచ్చు. అంతకంటే ముఖ్యం, సూపర్‌మార్కెట్ ఉన్న ఆఖరి ఊరు ఇదే అనుకోండి. రెండు రోజుల తిండి ఇక్కడే కొనండి.

మొదటి రోజు ఫిజాక్ నుంచి ఫేసెల్ మీదుగా బెదుయేర్, అక్కడ 65 నుంచి 651 విడిపోతుంది, గుర్తులు జాగ్రత్తగా చూడండి ఎందుకంటే రెండు దారులకీ అదే తెలుపు ఎరుపు, బోర్డు మీద నంబరే తేడా. తర్వాత లోయలోకి దిగి కోర్న్ దాటి ఎస్పాన్యాక్. మొత్తం 24 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది, మొదటి రోజుకి ఎక్కువే. కాళ్లు నమ్మకం లేకపోతే బెదుయేర్ చుట్టుపక్కల ఎక్కడైనా ఆగి మొత్తం అయిదు రోజులు చేసుకోండి. ఎస్పాన్యాక్‌లో పాత కన్యాశ్రమం ఉంది, దాని చర్చి గంట గోపురం కొయ్య చట్రంతో కట్టింది, ఆ ఆవరణలోనే నడిచేవాళ్లకి బస.

రెండో రోజు ఎస్పాన్యాక్ నుంచి బ్రెంగ్, సాన్-సుల్పీస్ మీదుగా మార్సియాక్, సుమారు 16 కిలోమీటర్లు. అంకె చూసి తేలిక అనుకుంటారు. కాదు. నదీ లోయ అంటే నది పక్కనే చదునుగా పోతుందనుకుంటాం కానీ ఇక్కడ లోయ ఇరుకు, చాలాచోట్ల కొండచరియ నేరుగా నీళ్లలోకి దిగుతుంది, దాంతో దారి పైన పీఠభూమి మీదకి ఎక్కి మళ్లీ తర్వాతి ఊళ్లోకి దిగుతుంది. ఒక్కో ఎక్కుడు 150 నుంచి 200 మీటర్లు, రోజులో ఇలాంటివి రెండు మూడు. పైకెక్కితే లోకమే మారిపోతుంది. కింద పచ్చిక, పోప్లార్ చెట్లు, మొక్కజొన్న చేలు. పైన పొట్టి ఓక్ చెట్లు, జునిపర్ పొదలు, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, గొర్రెల కాపరులు తలదాచుకున్న గుండ్రటి రాతి గుడిసెలు. ఈ పీఠభూమిని కోస్ అంటారు. వాన నీరంతా సున్నపురాయి పగుళ్లలోంచి కిందకి ఇంకిపోతుంది కాబట్టి పైన వాగూ ఉండదు, బావీ కనిపించదు. ఆ నీళ్లే కింద లోయలో ఊటలుగా బయటికొస్తాయి. అంటే మీ సీసాలు ఊళ్లోనే నింపుకుని ఎక్కాలి.

బ్రెంగ్ దగ్గర తలెత్తి చూడండి. కొండచరియ మధ్యలో, గుహ నోటికి అడ్డంగా కట్టిన గోడలు కనిపిస్తాయి. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య సాగిన నూరేళ్ల యుద్ధం నాటి గుర్తుగా వీటిని ఇంగ్లిష్‌వాళ్ల కోటలు అంటారు, లోయ పొడుగునా ఉన్నాయి. మార్సియాక్‌లో సగం కూలిన పాత మఠం, పక్కనే నది. ఎండాకాలమైతే ఈ ఊళ్లలో జనం నదిలో ఈదుతారు, పడవలు నడుపుతారు. మీరూ కాళ్లు పెట్టుకోండి, పొక్కులకి అంతకంటే మందు లేదు.

మూడో రోజు మార్సియాక్ నుంచి సోలియాక్ మీదుగా కాబ్రెరే, 17 కిలోమీటర్లు అటూ ఇటూ. నాలుగు రోజుల్లో ఇదే ఎక్కువ నిర్జనం, పైన పీఠభూమి మీద గంటల తరబడి ఎవరూ ఎదురుపడకపోవచ్చు. రెండు లీటర్ల నీళ్లకి తగ్గకండి, ఎండగా ఉంటే మూడు.

నాలుగో రోజు నడక తక్కువ పెట్టుకోండి, ఎందుకంటే కాబ్రెరే పైనే పెష్ మెర్ల్ గుహ ఉంది. 1922లో ఇద్దరు కుర్రాళ్లు లోపలికి పాకి కనిపెట్టారు. దాదాపు 29,000 ఏళ్ల నాటి చుక్కల గుర్రాలు, గోడకి చెయ్యి ఆనించి చుట్టూ రంగు ఊదిన ముద్రలు, మట్టిలో గట్టిపడిన ఆదిమానవుల పాదముద్రలు. నకలు కాదు, అసలు గుహలోకే పంపిస్తారు. అందుకే రోజుకి 700 మందినే అనుమతిస్తారు, ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోవాలి, ఫోటోలు తియ్యకూడదు, చలికాలంలో మూసి ఉంటుంది. లోపల చల్లగా ఉంటుంది, చెమటతో తడిసిన టీషర్టు మీదే వెళ్తే వణుకుతారు.

గుహ చూశాక బుజియెస్ దాకా నడిస్తే సెలే వచ్చి పెద్ద నది లోట్‌లో కలవడం కనిపిస్తుంది. వంతెన దాటి జి.ఆర్. 36 పట్టుకుంటే నది పక్కన కొండని తొలిచి వేసిన దారి వస్తుంది. ఒకప్పుడు పడవల్ని ఒడ్డు నుంచి తాళ్లతో లాగడానికి వేసిన దారి అది. తల మీద రాతి కప్పు, పక్కనే నీళ్లు. రాళ్లు పడే ప్రమాదం ఉంటే ఈ ముక్కని మూసేస్తుంటారు కాబట్టి బయల్దేరే ముందు అక్కడి టూరిస్ట్ ఆఫీసుకి ఒక మెయిల్ పెట్టండి. అక్కడి నుంచి కొండ మీది సాన్-సిర్-లపోపీ. 2012లో ఫ్రెంచి జనం తమకిష్టమైన పల్లెగా ఎన్నుకున్న ఊరు, ఆ సంగతి పార్కింగ్ చూస్తేనే తెలుస్తుంది. మూడు రోజుల నిశ్శబ్దం తర్వాత ఆ గుంపు చికాకు తెప్పిస్తుంది. రాత్రి అక్కడే ఉంటే పొద్దున్నే ఊరు ఖాళీగా దొరుకుతుంది, లేకపోతే చూసుకుని దిగిపోవడమే.

పడక

నడిచేవాళ్లకి బస జీత్ దెతాప్. డార్మిటరీ పడక, వేడి నీళ్లు, వంటగది. పడక ఒక్కటే అయితే 15 నుంచి 25 యూరోలు, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపితే 40 నుంచి 55 దాకా అనుకోండి. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, నగదు ఉంచుకోండి, లోయ ఊళ్లలో ఏటీఎం దొరుకుతుందని నమ్ముకోకండి. మే నెలలో సెలవులు వరసగా వస్తాయి, అప్పుడు వారాల ముందే నిండిపోతాయి. మిగతా రోజుల్లో రెండు మూడు రోజుల ముందు ఫోన్ చేస్తే సరిపోతుంది. రాలేకపోతే తప్పకుండా ఫోన్ చేసి చెప్పండి, మీకోసం వంట చేసి కూర్చుంటారు. దుప్పటి ఇస్తారు, లోపల వేసుకునే పలచటి సంచి పక్క మీరే తెచ్చుకోవాలి. బ్యాగు మంచం మీద పెట్టనివ్వరు, కారణం నల్లులు, అది మీ మంచికే.

టెంట్ ఉంటే ఊళ్ల దగ్గర క్యాంపింగ్‌లున్నాయి. అడవిలో ఎక్కడపడితే అక్కడ టెంట్ వేసి మంట పెట్టుకోవడం మాత్రం కుదరదు. మంట అసలే వద్దు, ఎండాకాలంలో సిగరెట్ కూడా.

తిండి, నీళ్లు

పల్లె దుకాణాలు మధ్యాహ్నం పన్నెండున్నరకి మూసి మూడింటికో నాలుగింటికో తెరుస్తారు. కాబట్టి ఊరు చేరగానే ముందు రొట్టె కొనండి, తర్వాత చర్చి చూడండి. శనివారం సాయంత్రానికి సోమవారం దాకా సరిపడా సంచిలో ఉండాలి. బాగెట్, టమాటా, ఈ ప్రాంతపు వాల్‌నట్లు, రొకమదూర్ అనే చిన్న గుండ్రటి మేక పాల జున్ను. ఒక చిన్న డబ్బాలో ఆవకాయ ఉంటే ఆ జున్నుతో అద్భుతంగా ఉంటుంది, ఎవరేమనుకున్నా సరే.

శాకాహారులకి ఒక హెచ్చరిక. శాకాహారి అని మాత్రమే చెబితే చేప పెట్టొచ్చు, సలాడ్‌లో పంది మాంసపు చిన్న ముక్కలు వేయొచ్చు, ఎందుకంటే కొందరి లెక్కలో అది మాంసం కాదు, రుచి. ఇక్కడ బంగాళాదుంపలు బాతు కొవ్వులో వేయిస్తారు. బుక్ చేసేటప్పుడే మాంసం, చేప, హ్యామ్, బాతు కొవ్వు అని ఒక్కొక్కటీ పేరుపెట్టి వద్దని చెప్పండి, గుడ్లు తినకపోతే అదీ చెప్పండి, లేకపోతే ఆమ్లెట్ ఖాయం. ముందే చెబితే సంతోషంగా చేసిపెడతారు, బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే రొట్టే జున్నూ తిని లేవాలి.

నీళ్లకి ఇక్కడి నడకరుల పాత చిట్కా ఒకటుంది: శ్మశానం. ప్రతి ఊరి శ్మశానం గేటు పక్కన పూల కుండీలకి నీళ్లు పట్టే కుళాయి ఉంటుంది, అందరూ అక్కడే సీసా నింపుకుంటారు. మనకి కొంచెం ఇదిగా అనిపిస్తుంది, దాహమేస్తే ఆ పట్టింపు పోతుంది. కుళాయి మీద ‘నాన్ పోటాబ్ల్’ అని ఉంటే తాగొద్దు. నది నీళ్లు, పాత బట్టల రేవుల నీళ్లు ఎంత తేటగా ఉన్నా తాగొద్దు.

బ్యాగు, మ్యాప్

ఎనిమిది కిలోలు దాటకూడదు, నీళ్లతో కలిపి. రెండు జతల బట్టలు, రెయిన్ జాకెట్, ఉన్ని సాక్సులు, టోపీ, టార్చ్, పొక్కుల ప్లాస్టర్, పవర్‌బ్యాంక్. కొత్త షూస్‌తో మాత్రం బయల్దేరకండి. మ్యాప్‌కి ఫ్రాన్స్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఐ.జి.ఎన్. వాళ్ల 1:25,000 స్కేలుది మంచిది, ఒక సెంటీమీటరు అంటే నేల మీద 250 మీటర్లు. ఫోన్‌లో అయితే విజోరాండో లాంటి యాప్‌లో దారిని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లోయ అడుగున సిగ్నల్ చాలాచోట్ల పోతుంది.

జాగ్రత్తలు

పేలలాంటి చిన్న పురుగు ఒకటుంది, తీక్ అంటారు, మన పశువులకి పట్టే గోమారి జాతిదే. పొడుగు గడ్డిలో ఉండి కాలికి పట్టుకుంటుంది, లైమ్ జబ్బు దీనివల్లే వస్తుంది. మందుల షాపులో దాన్ని తీసే చిన్న ప్లాస్టిక్ కొక్కెం అమ్ముతారు, కొని ఉంచుకోండి. రోజూ స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకల్లో, నడుము దగ్గర చూసుకోండి. నూనె పొయ్యడం, కాల్చడం చెయ్యకుండా కొక్కెంతో మెల్లగా తిప్పి తీసేయాలి. తర్వాత నెల రోజుల్లో ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా వేట సీజన్. దారి పక్కన ‘షాస్ ఆన్ కూర్’ అని బోర్డు ఉంటే అక్కడ వేట జరుగుతోందని. నారింజ రంగు టోపీ పెట్టుకోండి, దారి వదలకండి, వేటగాళ్లు కనిపిస్తే పలకరించి ఎటు వెళ్లాలో అడగండి. అసలు దారిలో ఎవరు ఎదురొచ్చినా ‘బోన్‌జూర్’ అనాలి, అనకపోతే అదోలా చూస్తారు. పశువుల గేటు తీస్తే మళ్లీ వేసెయ్యండి. ఎమర్జెన్సీ నంబరు 112, మీ నెట్‌వర్క్ లేకపోయినా ఇంకో కంపెనీ టవర్ ఉంటే కలుస్తుంది.

తిరుగు ప్రయాణం

సాన్-సిర్-లపోపీ కింద, నది అవతల తూర్-ద-ఫోర్ ఊళ్లో కావోర్ పట్టణానికి వెళ్లే రీజియన్ బస్సు ఆగుతుంది. ప్లాన్ మొదలెట్టాల్సింది ఇక్కడి నుంచే: ముందు ఈ బస్సు టైం చూసుకుని, అది దొరికే రోజుకి నాలుగో రోజు పడేలా వెనక్కి లెక్కేసుకుని, అప్పుడు జీత్‌లు బుక్ చేయండి. ఆదివారంతో ముగిసేలా పెట్టుకోవద్దు, గురువారమో శుక్రవారమో ముగించండి. కావోర్‌లో రైలెక్కితే తులూజ్ గంటన్నర లోపే, పారిస్ ఆస్టర్‌లిట్జ్ అయిదు గంటల చిల్లర. రైలుకి టైం ఉంటే స్టేషన్ నుంచి నడిచే దూరంలోనే 14వ శతాబ్దపు వలాంత్రే వంతెన ఉంది, బ్యాగుతోనే వెళ్లి రావచ్చు.